తాలీంలో పాదరసం

మొన్న మా మనవరాలు బీపీ చూసే కొత్త మిషను కొని తెచ్చి, నా చేతికి పట్టీ చుట్టి, పిడికిలి బిగించకు అమ్మమ్మా, చెయ్యి వదులుగా పెట్టు అన్నది. ఆ మాట చెవిన పడగానే నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఎందుకంటే రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజుల్లో, బన్సీలాల్‌పేట్ గల్లీల్లో ఆ ముక్క చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది.

నర్సు చదువు ముగించి, గుంటూరు నుంచి వచ్చి సీతాఫల్‌మండిలో మా పిన్ని ఇంట దిగిన కొత్తలో దొరికిన ఉద్యోగమది. పట్నంలో గుండెజబ్బు ఏళ్లు గడిచేకొద్దీ ఎలా పెరుగుతున్నదో కనిపెట్టాలని ఒక పెద్ద డాక్టరుగారు పూనుకున్నారు. ఏటేటా అవే ఇళ్లకు వెళ్లి ఆ మనుషులకే బీపీ చూడాలి, బరువు తూచాలి, బీడీలు మానారా అని అడగాలి, ఎవరైనా పోతే ఎలా పోయారో కనుక్కోవాలి. మనుషులు పెంకిగా ఉన్నారని ఓ ఇంటిని వదిలేస్తే చేసిందంతా గంగలో కలిసినట్టేనని ఆయన చీవాట్లు పెట్టేవారు.

నాకు దొరికిన పెంకి ఇల్లు పహిల్వాన్‌ది. ముందు భాగంలో తాలీం, అంటే కుర్రాళ్లకు కుస్తీ నేర్పే ఎర్రమట్టి గోదా, వెనక రెండు గదుల్లో ఆయనా, ఆయన భార్యా. మొదటిసారి నేను పట్టీ చుట్టి గాలి కొడుతుంటే, ఆ మహానుభావుడు దాన్ని కూడా ఒక కుస్తీ పట్టే అనుకున్నాడు! కండ బిగించి, పళ్లు కొరికి, పెట్టెలో పాదరసం పైకెక్కుతుంటే మీసం తిప్పాడు. బతిమాలి చెయ్యి వదులు చేయించి మళ్లీ చూసినా రెండు వందలకు దిగలేదు. ప్రాణం మీదికి తెచ్చే అంకె అది, శిష్యులేమో ఈలలు వేశారు. అంతే, ఆ రోజు నుంచి ఆ గల్లీలో పాదరసం ఎంత పైకెక్కితే అంత మొనగాడు. ఎవడికెంత వచ్చిందో గల్లీ అంతటికీ నోటికి వచ్చు. తక్కువ వచ్చిందని వెక్కిరించినందుకు ఒకడు తోటివాడి ముక్కు నా కళ్లెదుటే పగలగొట్టాడు. కారిన నెత్తురు మీద కాలితో మట్టి తోసి మళ్లీ నా ముందు చెయ్యి చాపితే, నాకు ఒళ్లు మండిపోయింది.

ఇది బలం కాదు, జబ్బు, మాత్రలు వేసుకోవాలి అని నాతో వచ్చిన మగ ఉద్యోగి ఒక ఏడాది శిష్యులందరి ముందూ అన్నాడు. పహిల్వాన్ అతన్ని మెడ పట్టి లేపి గోదాలోకి విసిరేశాడు. "నాకు బీమారా? ఏందిరా నువ్వు చెప్పేది?" అంటూ మీద కూర్చుని గుద్దుతుంటే, ఆయన భార్యే పరుగెత్తుకొచ్చి విడిపించింది. అతని భుజం ఎముక విరిగింది. తరవాత ఆ గల్లీకి నేనొక్కదాన్నే వెళ్లాల్సి వచ్చింది. మెట్లెక్కితే ఆయనకు ఆయాసం వస్తోందనీ, మాత్ర ముట్టడనీ, సంగతి బయటపెట్టనని తన చేత ఒట్టు వేయించుకున్నాడనీ ఆమె నాతో చెప్పుకుని ఏడ్చేది. జబ్బుమనిషి దగ్గర కుస్తీ నేర్చుకోవడానికి ఎవరొస్తారు?

ఆ తాలీంలోనే పెరిగిన ఆమె తమ్ముడు ఒకనాడు వేరుపడి పక్క గల్లీలో సొంత తాలీం పెట్టాడు. బావకు అది చెంపదెబ్బ. ఒక మధ్యాహ్నం నేను పహిల్వాన్ ఎదురింటి ముసలమ్మకు పట్టీ చుడుతుండగా వీధిలో కేకలు వినిపించాయి. బయటికి వచ్చేసరికి పహిల్వాన్ బామ్మర్దిని గోడకు అదిమి మొహం మీద గుద్దుతున్నాడు. అతను చేతులు అడ్డం పెట్టుకోవడమే తప్ప తిరిగి ఒక్క దెబ్బ వెయ్యలేదు. పళ్లూడి చొక్కా నిండా నెత్తురు. ఉన్నట్టుండి పహిల్వాన్ పట్టు వదిలేసి, ఎడమ చెయ్యి పట్టుకుని, చెమటలు కక్కుతూ కూలిపోయాడు. నేను ఉరికి వెళ్లి రొమ్ము మీద బలమంతా పెట్టి అదిమాను. లాభం లేకపోయింది.

"బామ్మర్దే సంపిండు మా ఉస్తాద్‌ను! ఇడువకుండ్రి!" అని శిష్యులు కర్రలతో మీదపడ్డారు. అతని తల పగిలింది, ఒక కన్ను చితికింది. అడ్డం వెళ్లిన నా నుదుటికి ఇటుకముక్క తగిలి కళ్లలోకి నెత్తురు కారింది. నాకు భయం కాదు, కోపం వచ్చింది. మీ ఉస్తాద్ నంబరు ఎంతరా అని అరిచాను. రెండొందల ఇరవై అని ఒకడు ఠక్కున అన్నాడు. మీరు ఈలలు వేసిన ఆ నంబరేరా ఆయన్ని మింగింది అన్నాను. నా మాట ఎవడు వింటాడు? కర్రలు మళ్లీ లేచాయి.

అప్పటికే పరుగెత్తుకొచ్చి మొగుడి శవం దగ్గర కూలబడ్డ పహిల్వాన్ భార్య లేచి వచ్చి తమ్ముడి మీద అడ్డంగా పడుకుంది. "ఏండ్ల సంది బీమారే ఉండె. పొద్దుగాల సుత చెయ్యి గుంజుతుందన్నడు. చెప్పొద్దని నాతోని ఒట్టు పెట్టించుకున్నడు. నా తమ్ముడు కాదురా!" అన్నది. మొగుడు ప్రాణం పెట్టి దాచుకున్న పరువును ఆ తల్లి నడివీధిలో తన నోటితోనే తీసేసి, తమ్ముణ్ణి బతికించుకుంది. కర్రలు ఒక్కొక్కటే కిందపడ్డాయి.

మరుసటి ఏడు వెళ్తే పహిల్వాన్ తాలీం ఒంటికన్ను బామ్మర్ది చేతిలో ఉంది. నన్ను చూడగానే అతను వచ్చి కూర్చుని చెయ్యి వదులుగా పెట్టాడు. వెనక బారులు తీరిన కుర్రాళ్లు "సిస్టరమ్మా, జెర చూడు, దిగిందా?" అని అడుగుతుంటే, లోపలి గుమ్మంలో నిలబడి ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇప్పుడు గుండె కొట్టుకోవడం చేతి గడియారంలోనే కనిపిస్తుందట. సంతోషమే. పోయిన నెల మా అపార్ట్‌మెంటులో పక్క వాటాలో ఆయన పొద్దున్నే గుండె ఆగి పోయారు. అంబులెన్సు వచ్చేదాకా ఎవరికీ తెలియదు. ఆయనకు బీపీ ఉన్నదో లేదో అటుంచి, ఆయన పేరే నాకు తలుపు మీది పలక చదివితే తెలిసింది. ఆ గల్లీలో తలకిందులుగా అర్థం చేసుకున్నా, ఒకరి నంబరు ఒకరికి తెలిసేది. మనవరాలి మిషను నాకు నూట డెబ్బై చూపించింది. నా నంబరు ఆ పిల్లకీ నాకూ తప్ప ఈ భవనంలో ఎవరికీ తెలియదు.