మిగలని అన్నం

అచ్చంపేట బస్టాండు ఎదురుగా మాకొక హోటల్ ఉండేది. పెద్దదేమీ కాదు. రేకుల కప్పు, ఆరు బల్లలు, వెనక వంటిల్లు, దాని వెనక గిన్నెలు తోమే జాగా. మా ఆయన ముందర గల్లా దగ్గర కూర్చునేవాడు. వంట నాది. సాయంత్రం గల్లా తెరిస్తే ఒకరోజు ఆయన మొఖం వెలిగేది, ఇంకోరోజు మాడిపోయేది. ఎందుకు వచ్చిందో, ఎందుకు పోయిందో ఆయనకు తెలిసేది కాదు. "ఇయ్యాల నడ్వలే" అనేవాడు, అంతే. నడవకపోవడానికి కారణం వానో, గ్రహమో, పొద్దున్నే ఎదురొచ్చిన నేనో.

నేను చదివింది మూడో తరగతి, అదీ సగమే. కానీ చూసింది మరిచిపోను. ఏ రోజు ఏం మిగిలిందో, ఏది పది గంటలకే అయిపోయిందో నాకు గుర్తుండేది. చెబితే మా ఆయన నమ్మేవాడు కాదు. అందుకని వంటింటి గోడ మీద బొగ్గుతో గీయడం మొదలుపెట్టాను. వారానికి ఏడు గళ్లు. సున్నా చుడితే పూరి వాయి, నిలువు గీత ఇడ్లీ వాయి, అడ్డగీత అన్నం సేరు. మిగిలితే ఆ గీతను కొట్టేసేదాన్ని.

మూడు నెలలు గీసేసరికి నాకే ఆశ్చర్యమైంది. సంత రోజు అడివి పక్క పల్లెల నుంచి వచ్చేవాళ్లకు పూరి ఎంత చేసినా చాలదు. జొన్న రొట్టె మాత్రం ముట్టరు, అది ఇంట్లో రోజూ తినేదే కదా. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు సాయంత్రం ఇడ్లీ అడుగుతారు, మేమేమో మిర్చీలు వేసుకుని కూర్చునేవాళ్లం. ఆదివారం పొద్దున టీవీలో పురాణం వచ్చే గంటసేపు బస్టాండులో మనిషి కనబడడు. ఆ గంటకు మేం పెనం కాల్చి కట్టెలు తగలేసుకుంటున్నాం. మంగళవారం మధ్యాహ్నం అన్నం ఎనిమిది సేర్లు వండుతున్నాం, ఆరు చాలు.

గీసింది నేనే అయినా అందులో సగం తెలివి నాది కాదు, గిన్నెలు తోమే అక్కది. నాకన్నా పదేళ్లు పెద్దది. మొగుడు కూలి పనికని లారీ ఎక్కి పోయి మళ్లీ మొఖం చూపించలేదు. ఇద్దరు పిల్లలు, బడికి పోతుండేవాళ్లు. ఏం అమ్ముడుపోయిందో వంటింటికి తెలుస్తుంది. తినకుండా ఏం తిరిగి వచ్చిందో తోమే మనిషికే తెలుస్తుంది.

"సెల్లె, నీ చారు మస్తుగున్నదని అనుకుంటున్నవు. గిన్నెలకు గిన్నెలు ఎనుకకే వస్తాంది" అన్నదొకరోజు.

"నిజంగనా అక్కా?"

"మొక్కలకు పోస్తున్న. అవి గూడ మొఖం తిప్పుకుంటున్నయి."

ఇద్దరం నవ్వుకున్నాం. మరునాటి నుంచి చారు సగానికి తగ్గించి, పప్పు చిక్కగా చేశాను. అలా ఉప్మా, అలా వంకాయ కూర. ఆమె చెప్పడం, నేను గీయడం.

ఆమెను పనిలో పెట్టుకున్నప్పుడు మా ఆయన రెండు మాటలు చెప్పాడు. జీతం ఇంత. మిగిలింది నీదే. జీతం తక్కువే, ఆ రెండో మాట కోసమే ఆమె చేరింది. మూడు గంటలకు భోజనాలు అయిపోయేవి. ఆమె తన సత్తు గిన్నె తెచ్చుకుని అన్నం, పప్పు వేసుకుని, పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు ఇంటికి చేరేది. వాళ్లకు రాత్రి తిండి అదే.

గోడ ప్రకారం వండడం మొదలుపెట్టాక హోటల్ లాభంలో పడింది. మా ఆయన పిండి రుబ్బే కరెంటు గ్రైండరు కొన్నాడు. గల్లా దగ్గర వచ్చినవాళ్లకల్లా చెప్పేవాడు. "మా ఇంటామె గోడ మీద రాస్తది. బ్యాంకోళ్లు గూడ గట్ల రాయరు." లోపల పొయ్యి ముందర నేను ఉబ్బిపోయేదాన్ని.

ఒకరోజు ఆమె గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "ఇయ్యాల ఏం లేదా సెల్లె?"

"అయిపోయింది అక్కా. మంచిగ నడిచింది" అన్నాను, నవ్వుతూ.

ఆ నవ్వు నాకింకా గుర్తుంది. ఆమె గంజు అడుగున అంటిన మాడు గీరి గిన్నెలో వేసుకుని పోయింది. మరునాడూ అంతే. ఆ తర్వాతా అంతే.

నాకు తెలియక కాదు. మా ఆయనను అడిగాను. "ఆమెకు జీతం జర పెంచు. మిగులుతలేదు గదా."

"మిగిల్తే నీదే అన్న. మిగల్లే. నేను మాట తప్పిన్నా?"

రెండు రోజులు చాటుగా ఒక సేరు ఎక్కువ వండాను. మూడోరోజు ఆయన వంటింట్లోకి వచ్చి గోడ ముందర నిలబడ్డాడు. అప్పటికి నా గీతలు చదవడం నేర్చుకున్నాడు. "మంగళవారం ఆరు సాలని నువ్వే రాసినవు. ఏడెందుకు పెట్టినవు?" మరునాటి నుంచి మానేశాను. దాచడమెందుకు, గోడ మీద కొట్టివేతలు కనబడితే నాకూ బాగుండేది కాదు. నా పని చెడిపోయినట్టు అనిపించేది.

కొన్నాళ్లకు ఆమే ఒక మాట చెప్పింది. "గురువారం అన్నం సాలుతలేదు సెల్లె. పళ్లాలు కడిగినట్టే వస్తున్నయి. ఇంకో సేరు పెట్టు." ఆమె మాట మీద నాకెప్పుడూ అనుమానం లేదు. పెట్టాను. మిగిలింది. వచ్చే గురువారం పెట్టాను, మళ్లీ మిగిలింది. ఆమె గిన్నె నిండింది. మూడో గురువారమూ అంతే. నాలుగోసారి నేనే వెనక్కి పోయి చూశాను. పళ్లాల్లో అన్నం ఎప్పటిలాగే అంచులకు వదిలేసి ఉంది. ఎవరికీ తక్కువ కాలేదు. నాకు అర్థమైంది. ఆమె తల ఎత్తలేదు.

అప్పుడు నోరు మూసుకుని ఉంటే పోయేది వారానికొక సేరు బియ్యం. అంతే.

ఆ మధ్యాహ్నమే మా ఆయన గోడ చూసి ఎకసెక్కమాడాడు. "ఏమే, నీ గోడకు గురువారం పిచ్చి లేస్తాందా? నాలుగు వారాల సంది కొట్టివేతలే. ఖతం, నీ తెలివి అయిపోయింది."

"నా లెక్క తప్పలే. ఆమె తప్పు చెప్పింది" అన్నాను.

ఆ మాట బియ్యం కోసం అనలేదు. నా లెక్క తప్పలేదని చూపించుకోవడానికి అన్నాను.

ఆయన ఆమెను పిలిచి, రేపటి సంది రావద్దన్నాడు. ఆమె ఉన్న పళ్లాలన్నీ తోమి బోర్లించింది. తన సత్తు గిన్నె నీళ్లు దులుపుకుంది. పోతూ పోతూ నా దగ్గర ఆగింది.

"నిజం చెప్పినన్ని రోజులు గిన్నె ఖాళీగ పోయింది సెల్లె. నువ్వు సూసుకుంటనే ఉంటివి. అబద్ధం చెప్తే మాత్రం ఎనుకకొచ్చి పట్టుకుంటివి."

తర్వాత వచ్చిన మనిషికి మా ఆయన ఆ రెండో మాట చెప్పలేదు. చెప్పే అవసరం లేకపోయింది.

ఆమె బస్టాండుకు ఆ చివర ఉన్న హోటల్‌లో చేరింది. ఏడాది తర్వాత కూరగాయల దగ్గర ఎదురుపడింది. మొఖం తిప్పుకుంటుందనుకున్నాను. తిప్పుకోలేదు.

"ఆడ ఎట్లున్నది అక్కా?"

"మంచిగనే ఉన్నది. వాళ్లకు నీ తీరు లెక్క రాదు. ఏ రోజైనా గంగాళం నిండ వండుతరు. ఇంత మిగుల్తది. పిల్లలు కడుపునిండ తింటున్నరు."

ఎత్తిపొడుపు కాదు, ఉన్నది చెప్పింది. నేను వింటూనే లోపల లెక్క వేశాను. రోజూ అంత మిగిలే హోటల్ వచ్చే ఎండాకాలం దాటదు. ఏ రోజు ఎంత తగ్గించాలో కూడా నాకు తెలుసు. "మంచిదే అక్కా" అన్నాను.

వానలు పడకముందే ఆ హోటల్ మూతపడింది. ఆమె పిల్లలను బడి మాన్పించి, కూలి లారీ ఎక్కి పోయిందని మా హోటల్‌లో చాయ్ తాగుతూ ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను. ఎక్కడికో వాళ్లకూ తెలియదు.

ఆ హోటల్ గిరాకీ అంతా మా వైపు వచ్చింది. గోడ మీద ప్రతి గడిలో రెండు అడ్డగీతలు పెంచాను. ఒక్క మెతుకు మిగల్లేదు.