పట్టాల మీద ఆగిన ఇంజిన్

మా ముత్తాత తిరుమలగిరి కంటోన్మెంటుకు గుర్రాల దాణా సరఫరా చేసినవారు. తాతగారు బజారుకొస్తే వ్యాపారులు లేచి నిలబడేవారు. నా వంతుకు మిగిలింది సెకండ్ హ్యాండ్‌లో కొన్న డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ కారు.

ఐటీ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజులవి. కారు కుదుపులిస్తుంటే, ఇంజిన్ విప్పి వాల్వుల మీద పేరుకున్న కార్బన్ మసి గీకాలన్నాడు మెకానిక్. మా కారు షెడ్డులో విప్పి పడి ఉండటం నాకు నచ్చలేదు. పెట్రోల్లో మందు కలిపే క్లీనింగ్ చేయించాను.

వారం తిరక్కముందే, అమ్మతో నేరేడ్‌మెట్ వెళ్తుండగా రైల్వే గేటు మధ్యలో, సరిగ్గా పట్టాల మీద ఇంజిన్ ఆగిపోయింది. గంట మోగింది.

"అమ్మా, జెర దిగుండ్రి. రైలొస్తాంది," అన్నాడు గేట్‌మన్.

"నడిరోడ్డు మీద దిగే అలవాటు మా ఇంట్లో లేదు. నెట్టండి," అంది అమ్మ, కొంగు సర్దుకుంటూ.

"ఏంది సారూ, అట్ల చూస్తరు? మీరు సుత పట్టుండ్రి," అంటూ గేట్‌మన్ వెనక నుంచి నెట్టడం మొదలుపెట్టాడు.

ఇస్త్రీ చొక్కాతోనే, ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని తలుపుకు భుజం ఆనించాను. కారు గేటు దాటిన కాసేపటికే రైలు దూసుకుపోయింది. అప్పటికీ అమ్మ దిగలేదు.

ఈ డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో పెట్రోలు నేరుగా సిలిండర్లోకే వెళ్తుంది, గాలి లోపలికొచ్చే ఇన్‌టేక్ వాల్వులను తాకదు. అందులో కలిపిన మందు అక్కడి కార్బన్‌ను కడగలేదు. విప్పి గీకిస్తేనే ఖర్చుకు ఫలితం. తర్వాత అలాగే చేయించాను, కుదుపు పోయింది. అమ్మ మాత్రం మళ్ళీ ఆ కారెక్కలేదు. ఆ వేసవిలో దాన్ని అమ్మేశాం.