ఆయన బదులు నేను పెట్టిన టిక్కు

చీరాల దగ్గరి నేతగాళ్ల కాలనీలో నేను చాలామందికి రక్తం తీశాను. అందులో ఒక్క మనిషి మొహమే ఇప్పటికీ నా కళ్లముందు ఉంది.

అప్పటికి నేను ఒక పరిశోధన ప్రాజెక్టులో ఫీల్డు నర్సుగా చేరి ఏడాది కూడా కాలేదు. వేలమంది రక్తం సేకరించి, వాళ్ల జబ్బులూ వాళ్ల ఇంటి జబ్బులూ రాసుకుని, అన్నీ ఏళ్ల తరబడి భద్రపరచడం ఆ ప్రాజెక్టు పని. అంతమందిని కలిపి చూస్తేగానీ ఏ జన్యువులో తేడా ఏ జబ్బుకి దారితీస్తుందో తెలియదని ట్రైనింగులో చెప్పారు. చిలకలూరిపేట పక్క ఊళ్లో మిరపకోతలకి వెళ్లే మా అమ్మకి ఇదంతా వివరిస్తే, "రక్తానికి బ్యాంకన్నమాట. మరి వేసినోళ్లకి తిరిగి ఏమిస్తారే?" అంది. నవ్వేసి ఊరుకున్నాను.

ఆ రోజు కాలనీ రామమందిరం వరండాలో టేబుల్ వేసుకున్నాం. మంచి ఎండాకాలం. ఐసు పెట్టెలో ఐసు కరిగిపోతోంది. ఇంకా పదిమందికి పైగా వరసలో ఉన్నారు. ఆయన వచ్చి కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి, సన్నగా ఉన్నాడు, వేళ్లకి రంగు అంటుకుని ఉంది.

"మీ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో పోయారా అన్నా?" అని ఫారం చూసి అడిగాను.

"మా నాన్న నలభై రెండుకి పోయాడు సిస్టరు గారూ. మా అన్న నలభై నాలుగుకి. ఇద్దరూ నిలువునా కూలిపోయారు. ఇహ నా వంతు" అని నవ్వాడు. వరసలో వాళ్లు కూడా నవ్వారు. నేను రెండు వయసులూ గడుల్లో రాసుకున్నాను.

అంగీకార పత్రం చివర ఒక ప్రశ్న ఉంటుంది. మీ ఆరోగ్యానికి సంబంధించి ఏదైనా బయటపడితే మీకు తెలియజేయాలా, అవును, వద్దు. అవును అంటే ఇంకో మూడు పేజీలు నింపాలి, సాక్షి సంతకం కావాలి. అడిగాను.

"అవన్నీ నాకేం తెలుసమ్మా, మీ ఇష్టం. మీరే రాసెయ్యండి" అన్నాడు.

నేను వద్దు పక్కన టిక్కు పెట్టాను. ఆయన సంతకం చేసి, చేతికి దూది అదుముకుని వెళ్లిపోయాడు.

మరుసటి ఏడాది అందరికీ ఫోన్ చేసి ఆరోగ్యం కనుక్కుంటున్నప్పుడు ఆయన నెంబరుకి భార్య పలికింది. "ఆయన పోయి మూడు నెలలైందమ్మా" అంది. చనిపోయినవాళ్ల ఇంటికి వెళ్లి, ఎలా పోయారో అడిగి రాసుకోవడం కూడా మా పనే. వెళ్లాను.

నేసేవాళ్లు కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంట పక్కనే ఆమె చాప వేసింది. మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది.

"పొద్దున్నే గుంటలోకి దిగాడు. గంటసేపు నేశాడు. చప్పుడాగింది. పోగు తెగిందేమో, అతుక్కుంటున్నాడులే అనుకున్నా. వంకాయలు తరుక్కుంటా కూర్చున్నానమ్మా నేను. కాయలన్నీ తరిగిందాకా లేవలా" అంది.

నేను రాసుకుంటున్నాను. ఆమె ఉన్నట్టుండి అడిగింది. "ఆయన రక్తం మీ దగ్గరుందిగా?"

"ఉందక్కా."

"ఇంకా ఎర్రగానే ఉందా?"

"ఫ్రీజర్లో మంచులా గడ్డకట్టించి ఉంచుతారు. ఎన్నేళ్లయినా చెడిపోదు."

ఆమె నా మొహంలోకే చూస్తూ కూర్చుంది. "మనిషిని ఒక్క పూటన్నా ఉంచనియ్యలేదు. ఎండలని సాయంత్రానికల్లా తీసుకెళ్లిపోయారు" అంది. తర్వాత గడప దగ్గర నిలబడ్డ కూతుర్ని చూపించింది. ఆ అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. "ఆ రక్తంలో ఏముందో చూసి, దీని సంగతి చెప్పు."

రూల్సు అడ్డమొస్తాయని చెప్పి లేచి రావచ్చు. నోట్లోకి ఆ మాటే వచ్చింది కూడా. కానీ చెప్పలేకపోయాను.

"అక్కా, ఏమన్నా తెలిస్తే చెప్పొద్దని ఆయన కాగితంలో ఉంది. ఆ టిక్కు ఆయన పెట్టలేదు. నేను పెట్టాను. పని తొందరలో."

ఆమె మగ్గం వైపు తిరిగి, "చెప్పినా వినేవాడు కాదులే. ఆస్పత్రంటే భయం ఆయనకి" అంది. అది నిజమో, నా మొహం చూసి అన్నదో ఇప్పటికీ తెలియదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

కూతురే ముందుకొచ్చి అడిగింది. "మేడమ్, నేను ఎక్కడ చూపించుకోవాలి?"

ఆ వారమే ముగ్గురం బస్సులో గుంటూరు వెళ్లాం. గుండె డాక్టరు ఇంట్లోవాళ్ల గురించి అడిగితే, ఆ అమ్మాయి తాతయ్య వయసూ, పెదనాన్న వయసూ, నాన్న వయసూ వరసగా చెప్పింది. డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "ఇంతమంది పోతే, మిగిలినవాళ్లు చూపించుకోవాలని ఒక్కరూ చెప్పలేదా మీకు?" అన్నాడు. ఆ అమ్మాయి నావైపు చూడలేదు. స్కానులో గుండె కండరం ఉండాల్సినదానికంటే మందంగా ఉందని తేలింది. వంశంలో వచ్చేదే అన్నారు. రోజూ మాత్రలు, ఏడాదికోసారి పరీక్ష. ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతోంది. బాగానే ఉంది.

మా సూపర్‌వైజరుకి కూడా జరిగింది చెప్పాను. ఆయన నా తప్పు రాసుకుని, మళ్లీ అలా చేయొద్దని గట్టిగా చెప్పాడు. నేను బయటికి వస్తుంటే మెత్తబడి, "ఆ బ్యాచి రక్తాల్లో జన్యువులు అప్పటికి చదివి కూడా ఉండరమ్మా. నువ్వు అవును పెట్టినా ఫలితాల ఉత్తరం ఆయనకి బతికుండగా అందేది కాదు" అన్నాడు. ఊరట కోసమే అన్నాడు. కానీ నన్ను తినేస్తున్నది అది కాదు. జన్యువులు చదవక్కర్లేదు. ఆ రెండు వయసులు విన్న నర్సు, "ఒకసారి గుండె చూపించుకోండన్నా" అని ఒక్క మాట అంటే సరిపోయేది. నా చేత్తోనే రాసుకున్నాను ఆ అంకెలు.

నేను ఇంకా ఆ ఉద్యోగంలోనే ఉన్నాను. ఇప్పుడు ఆ ప్రశ్న పూర్తిగా చదివి వినిపించందే ఎవరినీ సంతకం పెట్టనివ్వను. వరసలో వాళ్లు విసుక్కుంటారు.

పోయిన ఏడాది ట్రైనింగుకని మమ్మల్ని పెద్ద ల్యాబుకి తీసుకెళ్లారు. హాలు నిండా మనిషెత్తు ఫ్రీజర్లు, ఒకటే హోరు. మీ ప్రాంతం రక్తాలన్నీ ఈ వరసలోనే అన్నారు. ఆయన గొట్టం మీద నెంబరే ఉంటుంది. ఆ నెంబరు నాకు తెలియదు. ఒక ఫ్రీజరు తలుపు తీసి చూపించారు. తెల్లగా పొగ బయటికి వచ్చి పాదాల మీదికి దిగింది. నేను గభాలున వెనక్కి జరిగాను.

"చలేస్తోందా?" అంది పక్కనున్న అమ్మాయి.

అవునన్నాను.