ఓడకు అడ్డంగా ఒక పట్టీ

2020. అబుదాబి ముసఫ్ఫాలో ఐకాడ్ పారిశ్రామికవాడ దగ్గర ఇత్తడి పలకలు చెక్కే వర్క్‌షాప్‌లో పని నాది. ఏళ్ళ తరబడి కంపెనీ లోగోలూ ముదీర్లనే మేనేజర్ల పేర్లూ చెక్కీ చెక్కీ విసుగు పుట్టేసింది. కరోనా వచ్చాక ఆ పనీ సన్నగిల్లింది. ముఖానికి మాస్కు, దాని మీద ఇత్తడి పొడి. ఊపిరి తీసుకోవడమే ఒక డ్యూటీ అయిపోయింది.

ఆ రోజుల్లో ఒక స్కాట్లాండ్ ఇంజనీరు వచ్చాడు. యాభై దాటిన మనిషి. తన కోట్ ఆఫ్ ఆర్మ్స్, అంటే డాలు ఆకారంలో ఉండే సొంత చిహ్నం, ఇత్తడిలో చెక్కాలన్నాడు. డాలు మీద ఓడ. వాళ్ళ తాతలు ఓడలు కట్టేవారట. కింద మన బ్రహ్మదండి లాంటి ముళ్ళపువ్వు, అది వాళ్ళ దేశపు గుర్తు. అంతవరకూ బాగానే ఉంది. ఓడ తెరచాపకు అడ్డంగా మాత్రం ఒక పట్టీ, దానికి వేలాడుతూ కాళ్ళలాంటి మూడు ముక్కలు.

బఫింగ్ చేసే, అదే పలకకు మెరుపు పెట్టే శంకరయ్యది కరీంనగర్. చూసి పెదవి విరిచాడు.

"గా పట్టీ ఎందుకే అన్నా? బొమ్మంత ఖరాబైతాంది. తీస్తే ఖలాస్."

నాకూ అదే అనిపించి ఇంజనీరుని అడిగాను. వాళ్ళ పద్ధతిలో చిహ్నం ఇంటిల్లిపాదిదీ కాదట, ఒక్క మనిషిదేనట. ఇది తండ్రిది. ఆయన ఉన్నంతకాలం పెద్దకొడుకు ఆ పట్టీతోనే వాడుకోవాలి.

"మా నాన్న ఉన్నాడు. పట్టీ ఉండాల్సిందే," అన్నాడు.

ఆ తండ్రి స్కాట్లాండ్‌లో మంచం పట్టి ఉన్నాడు. విమానాలు మొదలవగానే పలక పట్టుకెళ్ళి ఆయనకు చూపించాలని ఈయన ఆశ. పట్టీని విడిగా కోసి రెండు సన్న స్క్రూలతో బిగిస్తాను, అవసరమైనప్పుడు తీయొచ్చు అన్నాను. దానికిప్పుడు తొందరేం లేదని నవ్వాడు.

విమానాలు మొదలవకముందే పలకను గుడ్డలో చుట్టుకుని మళ్ళీ వచ్చాడు. కౌంటరు మీద పెట్టి, పట్టీ తీసెయ్యమన్నాడు. ఏమైందని అడగడానికి ఇంకేముంది? స్క్రూడ్రైవరు ఆయన చేతికివ్వబోతే తల అడ్డంగా ఊపాడు. నేనే విప్పాను. ఓడ మొత్తం బయటపడింది. ఎంత బాగుందో! దాన్ని చూసి నాకు ఏడుపొచ్చింది.

స్క్రూల బెజ్జాలు పూడ్చి పాలిష్ పెడితే ఆనవాలు కూడా ఉండదని చెప్పాను. ఆయన వాటిని వేలితో తడిమాడు.

"వద్దు. ఉండనీ."

ఇప్పటికీ లోగోలే చెక్కుతున్నాను. విసుగూ పోలేదు. మొన్నొక బొమ్మలో అడ్డగీత కనబడితే తీసేద్దామా అన్నాను. శంకరయ్య బఫింగ్ మిషను ఆపాడు.

"ఆగన్నా. అదెందుకున్నదో ముందుగాల అడుగుదాం."