కప్ప దొరకని కప్పతల్లి

మిర్గం కార్తె పోయినా వాన చుక్క పడలే. ఇయ్యాల మా తాండూరు గల్లీల ఆడోళ్లు పాట పాడుకుంట కప్పతల్లి ఆడుకుంట వచ్చిండ్రు. వాన కోసం రోకలికి కప్పను కట్టి ఇల్లిల్లు తిప్పుతరు, మేం దాని మీద నీళ్లు పోస్తం. చెంబు పట్టుకోని పోతే, రోకలికి ఉత్త యాపమండలే ఉన్నయ్.

"కప్పేది లచ్చవ్వా?" అన్న.

"బాయిలన్ని ఎండిపాయె, కప్పను యాడికెళ్లి తెస్తం బిడ్డా? ఉన్నదనుకోని పొయ్యి."

తాగే నీళ్లే, పోసిన. మట్టి మీద పడంగనే తొలకరి వాసన లేసింది. పాట ఆగింది. గా వాసన పోయేదాక ఎవ్వరు ఇంకో ఇంటికి కదల్లే.

లేని కప్పకు నీళ్లు పోసినందుకు నాకే నవ్వొస్తుంది. అయినా పొద్దుగూకినంక రేడియో బందుపెట్టి, బాయి దిక్కే చెవులు పెట్టి కూసున్న. మీ దిక్కు యాడనన్న కప్ప ఒర్లితే జర చెప్పుండ్రి.