కూలి లేని అనుభవం

ఇంటర్న్‌షిప్ అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మాటలో తప్పేం లేదు. డిగ్రీ చదివే పిల్లలు కొన్నాళ్ళు ఎక్కడో ఒక చోట నిజంగా పని చేసి నేర్చుకోవాలని ఎవరో మంచి మనసుతోనే పెట్టి ఉంటారు. ఆదోనిలో నేను పాఠాలు చెప్పే ప్రైవేటు కాలేజీ దాకా వచ్చేసరికి ఆ మంచి మనసు గేటు బయటే ఆగిపోయింది.

నేను కామర్స్ చెబుతాను. రోజూ ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చిపోతాను. ఆ ఏడాది ఆఖరి సెమిస్టరు పిల్లల ఇంటర్న్‌షిప్ బాధ్యత ప్రిన్సిపల్ నా నెత్తిన పెట్టారు. పెడుతూనే, "మీరేం కష్టపడొద్దు మేడం. హైదరాబాదులో ఒక కంపెనీ ఉంది. పిల్లల పేర్లు ఆన్‌లైన్లో పంపిస్తే సర్టిఫికెట్లు వాళ్ళే పంపిస్తారు. అందరూ అదే చేస్తున్నారు" అన్నారు. అంటే పిల్లలు ఇంట్లో కూర్చుంటారు, పని చేసినట్టు కాగితం వస్తుంది. నేను ఒప్పుకోలేదు. పత్తి మార్కెట్టు, పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లులు, నూనె మిల్లులు, బట్టల హోల్‌సేల్ కొట్లు ఉన్న ఊరిది. ఇందరు లెక్కలు రాస్తూ, కాటాలు చూస్తూ బతుకుతుంటే మా పిల్లలకి పని నేర్పే చోటే దొరకదా అన్నాను. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని ఆయన నవ్వారు. నవ్వితే నవ్వారులే అనుకుని మిల్లుల వెంట తిరిగాను.

ఆ క్లాసులో దేవనకొండ వైపు పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉంది. తల్లిదండ్రులు కూలీలు. వానలు ముఖం చాటేసినప్పుడల్లా వాళ్ళ ఊరు ఊరంతా ఇళ్ళకు తాళాలు వేసుకుని గుంటూరు వైపు మిరప కోతలకి వెళ్ళిపోతుంది. ఈ పక్క దాన్ని సుగ్గికి పోవడం అంటారు. బడి రోజుల నుంచీ ఆ పిల్ల కూడా వాళ్ళతో వెళ్ళి కాయలు కోసి, తిరిగొచ్చి, పోయిన పాఠాలు ఎవరి దగ్గరో రాసుకుని పరీక్షలకు కూర్చునేది. ఆ ఏడు మాత్రం రానని ఇంట్లో చెప్పింది. ఆదోనిలోనే హాస్టల్లో ఉండి ఇంటర్న్‌షిప్ చేస్తానంది. ఆ సంగతి తేల్చుకోవడానికి వాళ్ళ నాన్న కాలేజీకి వచ్చాడు.

"పాపను పనికి పంపుతాండారంట. కూలెంత మేడం?" అన్నాడు.

కూలి ఉండదు, అనుభవం వస్తుంది అని చెప్పాను. ఆయన నా మొహంలోకి చూసి, నేను వేళాకోళం ఆడుతున్నానేమో అనుకున్నాడు.

"అనుబవం మా కాడ శానా ఉంది మేడం. కావాలంటే మీకే ఇస్తాం. పనికి పిలిచినోడు కూలి ఇయ్యకుండా యాడన్నా ఉంటాడా?"

నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. ఇది చేస్తేనే డిగ్రీ చేతికి వస్తుందని, డిగ్రీ ఉంటే ఏదో ఒక ఆఫీసులో కుర్చీ దొరుకుతుందని నచ్చజెప్పాను. ఆయన పక్కనే ఉన్న కూతురి వైపు తిరిగాడు. "సరే. ఆ డిగ్రీ వస్తే దాని దారి దానిది. రాకపోతే మాత్రం వచ్చే యాడు మాతోపాటు సుగ్గికి రావల్సిందే. ఒక చెయ్యి తక్కువైతే మాకు జరగదు" అన్నాడు. ఆ అమ్మాయి తలూపింది.

ఒక జిన్నింగ్ మిల్లు యజమాని మహా మర్యాదగా ఒప్పుకున్నాడు. "ఎంతమందినైనా పంపండి మేడం, మన ఊరి పిల్లలు" అన్నాడు. ఆఫీసులో బిల్లులు, కాటా దగ్గర తూకాలు, కంప్యూటర్లో సరుకు లెక్కలు నేర్పాలని మాట తీసుకున్నాను. కొందరు ఆడపిల్లల్ని అక్కడికి పంపాను. ఆ అమ్మాయి కూడా అందులో ఉంది. మొదటి రోజు ఇస్త్రీ చుడీదార్లు వేసుకుని, కొత్త పెన్నులు పట్టుకుని వెళ్ళారు.

కొన్ని రోజులకు ముందుగా చెప్పకుండా చూడ్డానికి వెళ్ళాను. మిల్లు గేటు బయట కొంతమంది ఆడవాళ్ళు టిఫిన్ క్యారియర్లు పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నేను కాలేజీ మేడమునని వాచ్‌మన్‌తో అనడం వినగానే ఒకామె లేచి వచ్చింది.

"నువ్వేనా తల్లీ, మా నోట్లో మన్ను కొట్టింది?"

నాకేం అర్థం కాలేదు. పత్తిలోంచి ఆకుముక్కలు, పసుపు పట్టిన దూది, పుచ్చిపోయిన పత్తికాయలు ఏరడం వాళ్ళ పని. సీజన్ మొత్తం అదే వాళ్ళ తిండి. కాలేజీ పిల్లలు వచ్చారు, మీరు నెల దాకా రావద్దని యజమాని వాళ్ళని పంపించేశాడట. లోపలికి వెళ్ళి చూస్తే మా పిల్లలు చున్నీలు ముక్కులకు కట్టుకుని పత్తి కుప్పల ముందు కూర్చుని ఏరుతున్నారు. జుట్టు నిండా దూది. ఒకమ్మాయి దగ్గుతోంది. ఆఫీసులో కంప్యూటర్ ముందు యజమాని బావమరిది కూర్చుని క్రికెట్ చూస్తున్నాడు.

నా కోపం ఇంత అని చెప్పలేను. ఆఫీసు గదిలోనే అరిచాను. ఆయన చల్లగా కూర్చున్నాడు.

"కోపమెందుకు మేడం? అనుభవం కావాలని అడిగింది మీరే కదా. పత్తి ఏరేది అనుభవం కాదా?"

తేరగా వచ్చిన చేతులు చూసి పూట కూలి మీద బతికేవాళ్ళ కడుపు కొట్టాడు. దానికి అనుభవం అని పేరు. నేను బయటికి వచ్చి, లేవండే, పోదాం పదండి అన్నాను. అందరూ లేచారు. ఆ అమ్మాయి లేవలేదు.

"మీరు కోపం సేసుకోని పోతారు మేడం. మాకు సర్టిఫికెట్ ఎవరిస్తారు? అది ల్యాకుంటే నేను యాడికి పోవాల్నో మీకు తెలుసు" అంది.

పిల్లల్ని అక్కడే వదిలి గేటు దాటాను. నాకు నెల జీతం వస్తుంది, కాబట్టి కోపం వస్తుంది. ఆ పిల్లకి కోపం తెచ్చుకోవడానికి కూడా తీరిక లేదు. బస్సెక్కి ఎమ్మిగనూరు వెళ్ళేదాకా నా మీదా, మిల్లు మీదా, ప్రిన్సిపల్ మీదా పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే యజమాని ఫోన్ చేసి అరిచాడు. "మీ పిల్లోళ్ళు గేటు కాడ ధర్నా సేస్తాండారు, వచ్చి పిలుచుకోని పోండి" అన్నాడు. వెళ్ళి చూస్తే మా పిల్లలు, ఆ ఆడవాళ్ళు కలిసి గేటు ముందు నేల మీద కూర్చుని ఉన్నారు. నినాదాలు లేవు, అట్టముక్కలు లేవు. పత్తి ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా ఆగిపోయి ఉన్నాయి. ఇదేమిటని ఆ అమ్మాయిని అడిగాను.

"ధర్నా కాదు మేడం. సుగ్గిలో మేము ఇట్లనే సేస్తాం. కూలి తెగేదాకా గట్టు మీద కూసుంటాం, ఒక్కరు కూడా సేన్లోకి దిగరు. ఎవరన్నా దిగితే వాళ్ళను మళ్ళ గుంపులో కలుపుకోరు. ఈ అక్కోళ్ళను బయట పెట్టి మేము లోపలికి దిగేది తప్పు కదా. రాత్రంతా అదే మనసులో తిరిగింది" అంది.

నేను కూడా చీర దోపుకుని వాళ్ళ పక్కన కూర్చున్నాను. ఎవరో నాకు సగం రొట్టె, చట్నీ పెట్టారు. ట్రాక్టర్ల వాళ్ళు హారన్లు కొడుతున్నారు, రైతులు యజమానిని తిడుతున్నారు. మధ్యాహ్నానికి గేటు తెరిచారు. ఆడవాళ్ళని లోపలికి పిలిచారు. మా పిల్లల్ని మాత్రం ఇక ఈ గడప తొక్కొద్దన్నారు. సర్టిఫికెట్ మాటెత్తితే యజమాని కుక్కను అదిలించినట్టు అదిలించాడు. లోపలికి వెళ్తూ, నిన్న నన్ను నిలదీసిన ఆమె ఆ అమ్మాయి నెత్తిన చెయ్యి పెట్టి వెళ్ళింది.

ప్రిన్సిపల్ నన్ను గదిలోకి పిలిచి కాలేజీ పరువు గురించి చాలాసేపు మాట్లాడారు. తర్వాత ఆయనే హైదరాబాద్ కంపెనీకి ఆ పిల్లల పేర్లు పంపించారు. వారం తిరక్కుండా సర్టిఫికెట్లు వచ్చాయి. మార్కెటింగ్‌లో అద్భుతమైన ప్రతిభ కనబరిచారని, సమయపాలన మెచ్చదగినదని రంగుల్లో అచ్చు వేసి ఉంది. ఆ అమ్మాయి తన కాగితం తీసుకుని చాలాసేపు చదివింది. ఆమె డిగ్రీ ఆమెకు వస్తే చాలనుకున్నాను.

వైవాకి బయటి కాలేజీ నుంచి ఒక ఎగ్జామినర్ వచ్చాడు. చెడ్డవాడేం కాదు, త్వరగా ముగించుకుని బస్సు పట్టుకోవాలన్న తొందరలో ఉన్నాడు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, చూడని కంపెనీ గురించి, చేయని పని గురించి బట్టీ పట్టింది అప్పజెప్పి మార్కులు వేయించుకుని వెళ్ళారు. ఆ అమ్మాయి వంతు వచ్చింది.

"కంపెనీలో ఏం నేర్చుకున్నావమ్మా?"

"నేను ఆ కంపెనీ సూడలేదు సార్. ఈడ పత్తి మిల్లులో పత్తి ఏరినా. తర్వాత గేటు బయట కూసున్నా."

ఆయన పెన్ను ఆపి నా వైపు చూశాడు. "అమ్మా, సర్టిఫికెట్‌లో ఉన్నది చెప్పు చాలు" అన్నాడు, మెల్లగానే. ఆ పిల్ల మళ్ళీ అదే చెప్పింది. ఆమె చెప్పేది నిజం సార్, నేను చూశాను, ఆ కాగితమే అబద్ధం అన్నాను. "నిజమైతే మరీ కష్టం కదా మేడం. ఇంటర్న్‌షిప్ చేయనట్టే అవుతుంది" అని ఆయన చేతులెత్తేశాడు. బయటికి వచ్చాక, అట్లా ఎందుకు చెప్పావే అని కోప్పడ్డాను. "అందరి ముందర గేటు కాడ కూసోని, ఇప్పుడు కూసోలేదని యాడ సెప్పేది మేడం?" అంది.

ఫలితాలు వచ్చాయి. పత్తి మిల్లు మొహం మరిచిపోయి మార్కెటింగ్ గురించి చెప్పిన పిల్లలందరూ పాసయ్యారు. ఆ అమ్మాయికి అకౌంట్స్‌లో, టాక్స్‌లో, అన్నిట్లో మంచి మార్కులు వచ్చాయి. ఇంటర్న్‌షిప్ ఒక్కటే పోయింది. మళ్ళీ ఆ సెమిస్టరు వచ్చే దాకా డిగ్రీ లేదు. నేను యూనివర్సిటీకి రాసిన ఉత్తరాలకి జవాబు రాలేదు.

వాళ్ళ నాన్న కూతురి టీసీ అడగడానికి కాలేజీకి వచ్చాడు. ఇంగ్లీషులోనా, లెక్కల్లోనా, ఎందులో తప్పిందని నన్నే అడిగాడు. పని అనుభవంలో అని చెప్పాల్సి వచ్చింది. ఆయన ముందు నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆయన నవ్వు ఆగిపోయింది.

"పనిలోనా మేడం?" అన్నాడు. "నా బిడ్డ పనిలో ఫెయిలైందా?"