మంద వెనక గుర్రం

ఉన్నదానికి నాలుగింతలు చెప్పడం నా అలవాటని ముందే ఒప్పుకుంటున్నాను. కరువొచ్చిన ఏడు, ఎస్సెస్సెల్సీ లెక్కల పరీక్షనాడే నా కాల్లో బారెడు తుమ్మముల్లు దిగింది. మా బడి ఉన్న పావగడ వైపే గొర్రెలు తోలుకుపోతున్న మామ, కంబళ్లు మోసే తన గుర్రం మీద నన్నెక్కించాడు.

“రాజు మాదిరి పో అల్లుడా!”

అది మందను దాటి అడుగెయ్యని గుర్రమని ఆ పెద్దమనిషి ఒక్క మాటైనా చెప్పాడా? గొర్రెలు ఆగిన ప్రతి శెనక్కాయ చేలోనూ ఆగింది.

“దీనికి బుద్ధి లేదా మామా?”

“దానికుండాదిలే. మందను ఇడిసి పోదు. నీకేంది తొందర?”

నాకేం తొందరట! ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కుంటి గొర్రె కూడా నన్ను దాటి, వెనక్కి తిరిగి జాలిగా చూసింది. నేను చేరేసరికి బడి గేటు మూసేశారు.

ముల్లును కాస్త సాగదీశాను గానీ, అచ్చంగా కల్పించింది కుంటి గొర్రెనే. ఆ మందలో కుంటివాణ్ణి నేనొక్కణ్ణే.